నది అవతలి నుంచి చెప్పిన మాటలు

కరోనా రెండో ఏడు, వానలు వెనకపట్టిన రోజుల్లో మా ఆయనా నేనూ సూరత్ నుంచి ఒక్కరోజు టూరుకు వెళ్లాం. పొద్దున డాంగ్ కొండల్లో నదిలోయ, సాయంత్రం డుమస్ సముద్రం. బస్సు నడిపేది మా గల్లీవాళ్లే. సీట్లు ఖాళీగా ఉన్నాయి రమ్మన్నారు. సూరత్ వచ్చి ఇరవై రెండేళ్లయినా చూడటానికని మేం ఎక్కడికీ పోయింది లేదు.

మా ఆయనకు చెవులు సరిగా వినపడవు. సూరత్ పక్కన పల్సానాలో పవర్‌లూమ్‌ల మోత మధ్య బతికినవాళ్లలో చాలామందికి అంతే. అయినా ఎదుటి మనిషి పెదవులు చూసి మాట పట్టేసేవాడు. తెలుగైనా, హిందీ అయినా, గుజరాతీ అయినా. మాస్కులు వచ్చాక ఆ పెదవులన్నీ మూతబడ్డాయి. బయటికి వెళ్తే నన్ను వెంటబెట్టుకునేవాడు. పోనుపోను బయటికి వెళ్లడమే మానేశాడు.

గైడు ఆ కొండల్లోనే పుట్టిన మనిషి, రిటైరైన బడిపంతులు. బస్సులో మైకు పట్టుకుని చెబుతూనే ఉన్నాడు. అందరూ నవ్వినప్పుడల్లా మా ఆయన నా మోచేయి పొడిచేవాడు.

“ఏమంటున్నడే?”

“మబ్బుల గురించి చెప్తున్నడు.”

“మబ్బులకు గంత నవ్వుడేంది?”

లోయలోకి దిగేసరికి పొగమంచు ఇంకా విడలేదు. రెండు పక్కలా నిట్టనిలువు బండలు, వాటి మీంచి దారాల్లా జారే నీళ్లు, కింద ఆకుపచ్చగా నది. ముందు నడిచేవాళ్లు మంచులో కలిసిపోయి, మలుపు దగ్గర మళ్లీ తేలేవారు. నడుస్తున్నది నేనేనా అనిపించింది.

ఒడ్డున గైడు ఆగి ఏదో చెప్పబోతుంటే మా ఆయన గుంపుకు దూరంగా జరిగి నిలబడ్డాడు. గైడు నన్ను అడిగితే సంగతి చెప్పాను. అతను నది సన్నబడిన చోట రాళ్ల మీద అడుగులు వేస్తూ దాటి, అవతలి బండ ఎక్కాడు. అందరికీ అంత ఎడంగా వెళ్లాక మాస్కు గడ్డం కిందికి దించి, మా ఆయన వైపే తిరిగి మెల్లగా మొదలుపెట్టాడు.

నది హోరులో మాకెవరికీ ఒక్క ముక్క వినపడలేదు. మా ఆయన మాత్రం రెప్ప వేయకుండా చూశాడు. కాసేపటికి మా వైపు తిరిగి, గట్టిగా హిందీలో అందరికీ చెప్పడం మొదలుపెట్టాడు. నడుమ నాకు తెలుగులో: “చిన్నప్పుడు వానకాలం నిండుగ పారే ఈ నది ఆయన ఈదుకుంటనే బడికి వోయేటోడట. పలక నెత్తి మీద కట్టుకొని!”

గుంపంతా మా ఆయన చుట్టూ చేరింది. ఒక గుజరాతీ ఆమె చేత్తో సైగ చేస్తూ, “ఫిర్ క్యా బోలా, భాయ్?” అని తర్వాతి మాట అడిగింది. ఆయన “జర ఆగున్రి” అని తెలుగులోనే అనేసి మళ్లీ అవతలి ఒడ్డుకు చూశాడు. ఏడాదిన్నర తర్వాత ఆయన ముఖంలో ఆ వెలుగు. నేను పక్కకు తిరిగి కళ్లు తుడుచుకున్నాను.

సాయంత్రం డుమస్‌లో సముద్రం బాగా వెనక్కి పోయి ఉంది. తడిసిన నల్ల ఇసుకలో ఆకాశం పరుచుకుని, ఎక్కడ నేల అయిపోయిందో తెలియలేదు. చెప్పులు చేత పట్టుకుని నీళ్ల కోసం నడిచాం. ఆయన లోయ గురించి చెబుతూనే ఉన్నాడు. నేను ఊఁ కొడుతూ ఉన్నాను. మడమల దాకా అల వచ్చేసరికి వెనకనుంచి బస్సు హారన్ వినిపించింది.

ఆయనకు చెప్పలేదు. రెండోసారి మోగాక చెప్పాను.