మాణిక్యాంబ ఆదివారాలు

రామచంద్రపురం ఎలిమెంటరీ స్కూలు టీచరు మాణిక్యాంబ ప్రతి ఆదివారం మొదటి ఎర్రబస్సుకే రాజమండ్రి వెళ్ళి, బౌద్ధం చెప్పే గురువుగారి ముందు కూర్చునేది. జీవులు పుట్టి గిట్టే ఆరు లోకాల బాధ మనసుకెక్కితే తప్ప ధ్యానానికి కూర్చోకూడదని ఆయన నియమం. అందుకే దేవలోకం నుంచి నరకం దాకా నాలుగేళ్ళుగా చదువుతోంది. బరువు బండి లాగే ఎద్దు కనిపిస్తే ఆగి, కళ్ళు చెమ్మగిల్లేదాకా చూసేది. సూది బెజ్జమంత గొంతుతో ఆకలికి అలమటించే ప్రేతాలు గుర్తొచ్చి, అన్నం ముద్ద చేతిలోనే ఉండిపోయేది. "మనసింకా పండలేదమ్మా," అనేవారు గురువుగారు. తలవంచుకుని మళ్ళీ మొదటి పేజీ తీసేది.

ఒక ఆదివారం బస్సు కాస్త ముందే చేరింది. గురువుగారింట్లో రైసుమిల్లు యజమాని పెద్దిరాజు కళ్ళు మూసుకుని కూర్చున్నాడు. ఆయన రావడం మొదలుపెట్టి వారమైనా కాలేదు. గురువుగారు పక్కనే కూర్చుని ధ్యానం నేర్పుతున్నారు. పెద్దిరాజు వెళ్ళాక మాణిక్యాంబ అడిగింది.

"రాజుగారికి ఆరు లోకాలు అక్కర్లేదా అండీ?"

"ఆయనకంత తీరికెక్కడిదమ్మా? నీకైతే ఓపికుంది."

"అది ఓపిక కాదండి, మీ మాట మీద నమ్మకం," అంది.

గోదావరి గట్టుకు వెళ్ళి, ఎవరూ చెప్పకుండానే కళ్ళు మూసుకుంది. మనసు నిలవలేదు. నాలుగేళ్ళూ ఒక్కసారిగా మీద పడ్డట్టయింది. మధ్యాహ్నం బస్సు వెళ్ళిపోయినా ఆమె లేవలేదు.