రంజన్ కింద పురుడు

కిష్టవ్వ మా పక్కింటి వామన్‌రావు గారి దొడ్లో ఒంటి గదిని కిరాయికి తీసుకున్ననాడు, చేతిలో ఒక గంప, గంపలో రెండు కోళ్లు తప్ప సామానంటూ ఏమీ లేదు. మిగతాది బండి మీద వస్తుందేమోనని వామన్‌రావు గారు గల్లీ చివరిదాకా వెళ్లి చూసి వచ్చారు. బండి రాలేదు. కోళ్లు మాత్రం ఆ సాయంత్రమే ఆయన పడక్కుర్చీ ఎక్కి కూర్చున్నాయి.

పోలీస్ యాక్షన్ అయిన మూడో ఎండాకాలానికి ఆ రెండు కోళ్లూ మంద అయ్యాయి. ఒక మేక కూడా చేరింది. నాంపల్లి స్టేషన్‌కు ఇంత దగ్గరలో, పప్పు పోపు తప్ప మరో వాసన ఎరగని ఇంటి వెనక, పల్లెటూరు దిగినట్టుండేది. కిష్టవ్వ పొద్దున్నే మొజంజాహి మార్కెట్లో పండ్ల గంపలు మోసేది. తిరిగి వచ్చేటప్పుడు కొంగునిండా తర్బూజ చెక్కలు తెచ్చి కోళ్ల ముందు పోసేది. వడగాడ్పుకు అవి ముక్కులు తెరిచి, రెక్కలు ఒంటికి ఆనకుండా పట్టుకుని రొప్పుతుంటే గోనెసంచి తడిపి గంప మీద కప్పేది. మట్టి మూకుడులో పలచని మజ్జిగ పోసేది. మార్కెట్లో తనకు ఎవరైనా గ్లాసెడు మజ్జిగ ఇస్తే తాగకుండా ముంతలో పట్టుకొచ్చేది ఇందుకే.

వామన్‌రావు గారు లక్డీకాపూల్‌లో గుమాస్తా. మంచివారు, కాకపోతే మర్యాద అంటే ప్రాణం. వరండాకు కట్టిన వట్టివేళ్ల తడికను మేక కింది నుంచి జానెడు మేర మేసేసరికి ఆయన మర్యాద కూడా అంతే మేర తగ్గింది.

"ఏంది కిష్టవ్వా, ఇది ఇల్లా, అంగడా? మిరుగం వానలు పడేలోపల ఇవన్నీ పోవాలె. లేకపోతే గది ఖాళీ చెయ్యి."

"పోవు పంతులూ."

"ఏవి పోవు?"

"అవీ పోవు, నేనూ పోను. కిరాయి ఎన్నడన్న ఆపిన్నా?"

ఊళ్లో ఉన్నప్పుడు ఎదురుపడ్డ ప్రతివాణ్నీ దొరా అని పిలిచిన మనిషి, పట్నం వచ్చాక ఆ మాట మానేసింది. ఎందుకో ఒకనాడు గోడ మీదుగా మాకు చెప్పింది. ఆ ఊరికి పన్నుల తనిఖీకి గిర్దావరు వస్తే చాలు, ఆయన విందు కోసం దొర మనుషులు ఇల్లిల్లూ తిరిగి కోళ్లు పట్టుకుపోయేవారట.

"పొదుగుతున్నదాన్ని గూడ గుంజుకపోయిన్రు. పొద్దుగూకేసరికి గుడ్లు సల్లగైనయి. నేను వాటి మీద చెయ్యివెట్టుకొని గూసున్న, ఎర్రిదాని లెక్క. గిప్పుడు నా కోడి మీద నాదే హుకుం."

రోహిణి కార్తె రాగానే నల్లకోడి కనిపించకుండా పోయింది. ఏ పిల్లి నోటనో పడిందనుకున్నాం. వామన్‌రావు గారు ఆ రోజు మా నాన్నగారిని పిలిచి మరీ వాతావరణం బాగుందన్నారు.

నల్లకోడి ఎక్కడుందో వారి తల్లి విద్యావతమ్మ కనిపెట్టింది. వరండా మూలన రాతి దిమ్మెల మీద పెద్ద మట్టికుండ, మంచినీళ్ల రంజన్, దాని చుట్టూ తడి ఇసుక. వంగి నీళ్లు ముంచుతుంటే దిమ్మెల వెనక నుంచి ఎవరో విసుక్కున్నట్టు గుర్రుమంది. చూస్తే అక్కడి పొడి మూలలో, మేక తెంపిన వట్టివేళ్లు పరుచుకుని, రెక్కల కింద గుడ్లతో నల్లకోడి. నాంపల్లిలో అంతకన్నా చల్లని చోటు మరొకటి లేదు.

మడి కట్టుకున్న ఇంట్లో, మంచినీళ్ల కింద, కోడి. వామన్‌రావు గారు కట్టె కోసం చూశారు. కిష్టవ్వ పరుగున వచ్చి మెట్టు కిందే నిలబడింది. అంతకు మించి లోపలికి ఆమె ఎన్నడూ రాలేదు.

"నీకు ఎరుకేనా ఇది?" విద్యావతమ్మ అడిగింది.

"ఎరుకే."

"చెప్పలేదేం?"

"చెప్తె ఉంచుతురా? గీ రోహిణ్ల దాన్ని నా గదిల పెడితే గుడ్లు ఉడుకుతయి. అమ్మా, నువ్వూ పిల్లల్ని కన్నదానివే. పురిట్ల ఉన్నదాన్ని బయటికి గుంజుతరా?"

విద్యావతమ్మ ఆచారంలో నిప్పు. ఆచారానికి ఒక ఇబ్బంది ఉంది, అది కొడుకు చెప్పినట్టు వినదు. ఆమె కాసేపు కోడిని చూసింది. కోడి ఆమెను చూసింది.

"కట్టె దించరా," అంది కొడుకుతో. "పురుడు పురుడే. పిల్లలు దిగిందాకా ఆ నీళ్లు ఎవరూ ముట్టద్దు. లోపల ఇంకో కడవ పెట్టుకుందాం."

"రేపు ముంతజిం సాబ్ వస్తున్నడమ్మా."

"రానీ. ఆయనా ముట్టడు."

ముంతజిం ఇంద్రసేన గారు వామన్‌రావు గారి పై అధికారి. హోదా పెంచే తరక్కీ కాగితం ఆయన చేతి మీదుగా పోవాలి. పెద్ద భూస్వాముల ఇంటి మనిషి, భోజనప్రియుడు. వచ్చి, అందరిలాగే, చల్లగా ఉందని రంజన్ పక్కనే కూర్చున్నారు. వామన్‌రావు గారు లోపలి నుంచి నీళ్లు తెచ్చి ఇచ్చారు. ఒక గుక్క తాగి ఆయన మొహం చిట్లించారు.

"స్నానానికి పెట్టిన నీళ్లా, వామన్‌రావు? గీడ రంజన్ ఉండంగ?"

వామన్‌రావు గారు గ్లాసు వెనక్కి తీసుకోబోయారు. తలుపు చాటు నుంచి విద్యావతమ్మ తాపీగా చెప్పింది: "దాని కింద కోడి పొదుగుతున్నది నాయనా. అందుకే ముడతలేం."

ఇంద్రసేన గారు వంగి చూశారు. గోడ ఇవతల మేమంతా మునివేళ్ల మీద లేచాం. ఆయన నవ్వి, మెచ్చుకోలుగా తల ఊపారు.

"మంచిగ బలిసింది. పిల్లలు దిగినంక దీన్ని మా ఇంటికి తోలియ్యి."

అలాంటప్పుడు వామన్‌రావు గారి నోటి నుంచి 'తప్పకుండా' అనే మాట దానంతట అదే వచ్చేది. పైగా కోడి పీడా వదులుతుంది, తరక్కీ దారీ తెరుచుకుంటుంది. ఆయన పెదవులు విచ్చుకున్నాయి కూడా. కానీ మాట మెట్టు కింద నుంచి వచ్చింది.

"తోలం."

కిష్టవ్వ గొంతు పెంచలేదు. చేతిలో మజ్జిగ ముంత ఉంది. కోడికి తెచ్చినట్టుంది.

"ఎవరీమె?" ఇంద్రసేన గారు ఆమె వైపు చూడకుండా అడిగారు.

వామన్‌రావు గారు ముందు అధికారిని, తర్వాత తల్లి నిలబడ్డ తలుపును, చివరకు కిష్టవ్వను చూశారు. ఆమె ఆయన వైపు చూడటం లేదు. కోడిని చూస్తోంది. తీసుకుపోయేది ఎవరైనా సరే, ముందు తనను దాటాలన్నట్టు ఆ మెట్టుకు అడ్డంగా నిలబడి ఉంది. వామన్‌రావు గారు ఉత్తరీయంతో మెడ తుడుచుకున్నారు.

"మా కిరాయిదారు, సార్," అన్నారు. ఇంకోసారి తుడుచుకున్నారు. "కోడి ఆమెది. ఇయ్యనంటె నేను ఇయ్యలేను."

ఆ తర్వాత ఎండల గురించి కాసేపు మాట్లాడుకున్నారు. ఇంద్రసేన గారు రెండో గ్లాసు అడగలేదు.

ఆ ఏడు రావలసిన తరక్కీ రాలేదు. కోడి వల్లనే రాలేదని వామన్‌రావు గారు ఎన్నడూ అనలేదు. మేం మాత్రం అనుకున్నాం, అదీ ఆయనకు వినిపించేంత గట్టిగా.

మిరుగం తొలి జల్లుకు ముందే నల్లకోడి పిల్లల్ని వెంటేసుకుని వరండా మెట్లు దిగింది. విద్యావతమ్మ పురిటి శుద్ధి కింద రంజన్ పగలగొట్టించి కొత్తది తెప్పించింది. సుల్తాన్ బజార్ నుంచి దాన్ని నెత్తిన పెట్టుకుని మోసుకొచ్చింది కిష్టవ్వే. ఆమెతో మెట్టు ఎక్కించి, ఉండవలసిన చోట దాన్ని దింపించింది కూడా విద్యావతమ్మే.

"పంతులూ," అంది కిష్టవ్వ చేతులు దులుపుకుంటూ, "మిరుగం అచ్చింది. గది ఖాళీ చెయ్యమన్నవ్ గద?"

"కోళ్ల సంగతి నేను మల్లా ఎత్తిన్నా?" అన్నారు వామన్‌రావు గారు పేపర్లోంచి తల ఎత్తకుండా. "మేకను మాత్రం తీసెయ్యాలె."

"అదీ పోదు," అంది కిష్టవ్వ.

మేక అప్పటికే పేపరు రెండో చివర నములుతోంది.