ఆఖరి ముక్క

రేకుల మీద జల్లు పడ్డట్టు నూనె చిటపట మెట్ల మీదికే వినిపించింది బెర్నీస్‌కి. చర్చి కింది హాల్లో క్లారెన్స్ అప్పటికే పొయ్యి వెలిగించాడన్నమాట. ఈస్టరు ముందు ఉపవాసకాలంలో ప్రతి శుక్రవారం అతనిదే వంట. ఆ రోజు మాంసం ముట్టని తన తోటి కాథలిక్కులకు ఒక బాణలిలో చేప, ఆ నియమం లేని లూథరన్ శాఖ అతిథుల్లో చేప పడనివాళ్లకు పక్క బాణలిలో రొట్టెపొడి అద్దిన చికెన్. చేప ముక్కను వేలి కొసలతో, తలతిప్పుకుని నూనెలో వదులుతాడు. చికెన్‌ను మాత్రం అరచేతిలో నిమిరి వదులుతాడు.

ఆ సాయంత్రం ఒక గర్భిణి పళ్లెం పట్టుకుని నిలబడింది.

"చికెన్ ఉందాండీ?"

"పెట్టవయ్యా క్లారెన్సూ! నరకానికి పోయేది ఆ లూథరన్ పిల్ల, నువ్వు కాదుగా!" అంటూ వరుసలో ఎవరో నవ్వారు.

"ఆఖరి ముక్క మాడిపోయిందమ్మా," అన్నాడతను తలెత్తకుండా.

కాసేపటికి నిమ్మకాయల కోసం సామాన్ల గదిలోకి వెళ్లిన బెర్నీస్‌కు అతను గోడవైపు తిరిగి నములుతూ కనిపించాడు. మీసాల మీద బంగారు రంగు రొట్టెపొడి. మింగలేదు, ఉమ్మలేదు. చెవులు ఎర్రబడ్డాయి.

"చిన్నప్పటినుంచీ నాకు చేప పడదు, బెర్నీస్. ఫాదర్‌తో నేనే చెప్పుకుంటాను. ఆ అమ్మాయితో మాత్రం చెప్పకు."