మధ్యలో ఎత్తకూడని మాట

మా ఊరి కాలేజీ బేస్‌బాల్ మైదానానికి మా బావ పేరు పెట్టారు. వెండెల్ క్రౌస్ మైదానం అని గేటు మీద పెద్ద అక్షరాలతో ఉంటుంది. పేరు పెట్టిన రోజున మైకు పట్టుకున్న ప్రతివాళ్లూ ఆయన గెలిచిన ఆటల గురించే మాట్లాడారు. వెయ్యికి పైగా గెలిచాడట, కప్పులు పెట్టడానికి అద్దాల బీరువా చాలక ఇంకోటి చేయించారట. అన్నీ నిజమే. నేను వెనక వరసలో కూర్చుని విన్నాను. నేను ఆయన మరదల్ని, ఫెర్న్‌ని. మెయిన్ రోడ్డు మీద పార్లర్ నాదే. ఈ ఊరి ఆడవాళ్ల తలలన్నీ నా చేతిలోంచి పోయినవే కాబట్టి ఎవరింట్లో ఏం జరుగుతోందో నాకు తెలియనిది తక్కువ. ఆ రోజు మైకులో ఎవరూ చెప్పనిది ఒకటుంది. మా అక్క ఆర్డిస్, ఆయన పెళ్లాం, ఆయన నోటినుంచి ఒకే ఒక్క మాట కోసం రెండేళ్లు ఎదురుచూసింది. నాకు తెలిసిన వెండెల్ కథ అదే.

వెండెల్ పుట్టింది ఊరికి పడమట, గోధుమ పొలాల మధ్య. ఆ ఇంట్లో మాటలు మహా పొదుపు. భోజనాల బల్ల దగ్గర ఉప్పు కావాలంటే చెయ్యి చాపేవారు, ఎవరో ఒకరు అందించేవారు. వడగళ్లు పడి పంటంతా పోయిన ఏడు మాత్రం వాళ్ల నాన్న రాత్రి దాకా మాట్లాడాడట. పంట మోకాలెత్తున బంగారంలా ఉన్నప్పుడు మాత్రం ఆ ఇంట్లో ఎవరూ నోరు విప్పేవారు కాదు. గింజ కొట్లో పడేదాకా బాగుందనే మాట అనకూడదు. కాన్సాస్‌లో ఆ భయం చాలా ఇళ్లలో ఉంది గాని, క్రౌస్ వాళ్లింట్లో అది ప్రార్థన కంటే ఎక్కువ.

వెండెల్ బంతి బాగా విసిరేవాడు. పెద్ద టీముల వాళ్లు వచ్చి చూసి తీసుకెళ్లారు కూడా. వాళ్ల కింద ఉండే చిన్న లీగులో రెండు వేసవులు ఆడేసరికి భుజం పోయింది. తిరిగొచ్చి మా కాలేజీలో కోచ్‌గా చేరాడు. కోచ్ అన్నది పేరుకే. గడ్డి కోసేది ఆయన, తెల్ల గీతలు గీసేది ఆయన, టీము బస్సు తోలేది ఆయన. పెళ్లయిన వారానికే మా అక్కని ఆ బస్సు ముందు సీట్లో కూర్చోబెట్టుకుని ఓక్లహోమాలో ఆటకి తీసుకెళ్లాడు. అదే వాళ్ల హనీమూన్. నేను ఎగతాళి చేస్తే అక్క నవ్వి, టీము గెలిచింది కదే అనేది.

పిచ్చర్ నిలబడి బంతి విసిరే మట్టి దిబ్బని మాత్రం ఆయన ఎవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. బంకమట్టి తనే తడిపి, తనే దిమ్మిస కొట్టి, ఎండకి పగలకుండా పట్టా కప్పి వచ్చేవాడు. కుర్రాడి మోచెయ్యి ఎక్కడ వంగుతోందో చూసి, దగ్గరికెళ్లి చేత్తో సరిచేసి వచ్చేసేవాడు. పొగడ్త అనేది ఆయన దగ్గర దొరికేది కాదు. గెలిచిన రోజున కూడా "రేపు నాలుగింటికి" అని బస్సెక్కేవాడు. అయినా కుర్రాళ్లు ఆయనంటే ప్రాణం పెట్టేవాళ్లు. మా అక్కకి పిల్లలు లేరు. ఆదివారం పూట టీము మొత్తం వాళ్లింటికి వచ్చి, అక్క వండిన చిల్లీ అనే మాంసం పులుసులో దాల్చినచెక్క రోల్సు ముంచుకుని గిన్నెలు ఖాళీ చేసి వెళ్లేవారు.

ఇక ఆ నియమం సంగతి. బేస్‌బాల్ ఆడేవాళ్లందరికీ ఉన్నదే. బంతి కొట్టినవాడు అవుట్ కాకుండా పరిగెత్తి మొదటి బేస్ చేరితే అది హిట్టు. పిచ్చర్ ఎదుటివాళ్లకి ఒక్క హిట్టు కూడా ఇవ్వకుండా ఆట సగం దాటించాడంటే, వాడి దగ్గరికి ఎవరూ వెళ్లరు. బెంచీ మీద వాడి పక్కన ఎవరూ కూర్చోరు. జరుగుతున్నదాన్ని ఎవరూ నోటితో అనరు. అంటే చెడుతుంది. వేరే కోచ్‌లు దీన్ని సరదాగా పాటిస్తారు. మా బావకి సరదా లేదు. ఒకసారి డ్వైట్ అనే కొత్త కుర్రాడు బెంచీ మీద, ఇంతవరకు ఒక్క హిట్టూ పడలేదు చూశారా అన్నాడు. వెండెల్ వాణ్ని ఆట మధ్యలో పంపించి, ఖాళీ బస్సులో కూర్చోబెట్టాడు. ఆ డ్వైట్‌కి ఇప్పుడు బట్టతల. మైదానానికి పేరు పెట్టిన రోజున మైకులో ఈ కథ వాడే చెప్పాడు. అందరూ పొట్ట చేత్తో పట్టుకుని నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

అక్కకి కడుపులో కాన్సర్ అని తెలిసింది ఒక శరత్కాలంలో. ఆపరేషన్ అయింది, మందులెక్కించారు. నిజం చెప్పాలి కనక చెప్తున్నాను, ఆ నెలల్లో వెండెల్ లాంటి మొగుణ్ని నేను చూడలేదు. ప్రతిసారీ తనే కారు తోలుకుంటూ విచిటాలో పెద్దాసుపత్రికి తీసుకెళ్లాడు. వాంతులు తనే ఎత్తాడు. నొప్పిగా ఉందా, నీళ్లు తాగుతావా, దిండు ఎత్తుగా పెట్టనా అని గంటకోసారి అడిగేవాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయన ఇన్ని మాటలు మాట్లాడటం ఇదే మొదటిసారి అని అక్క నాతో చెప్పి నవ్వింది. జుట్టు ఊడుతుంటే మిగిలింది నేనే గొరిగేశాను. ఆయన పక్కన నిలబడి, కింద పడ్డ వెంట్రుకలు తనే ఊడ్చాడు.

వసంతంలో స్కాన్ శుభ్రంగా వచ్చింది. డాక్టరు అక్క చెయ్యి పట్టుకుని ఊపాడు. ఆ రోజునుంచి వెండెల్ నోరు మూతపడింది.

మామూలుగా మూతపడటం కాదు. అక్క వంటింట్లోకి వస్తే ఆయన వరండాలోకి పోయేవాడు. అక్క వరండాలోకి వస్తే ఏదో పనున్నట్టు మైదానానికి వెళ్లేవాడు. భోజనానికి బల్ల ఆ చివర కూర్చునేవాడు. వెనక గదిలో పడుకోవడం మొదలుపెట్టాడు. ప్రతి మూడు నెలలకీ స్కాన్, ప్రతిసారీ శుభ్రం. కారు తోలేవాడు, తీసుకొచ్చేవాడు. దారి పొడుగునా రేడియోలో గోధుమల ధర వినేవాడు. ఫలితం ఏమైందని ఒక్కసారి కూడా అడగలేదు.

అక్క జుట్టు తిరిగొచ్చింది. చచ్చేదాకా గడ్డిలా నిటారుగా ఉంటుందనుకున్న జుట్టు ఉంగరాలు తిరిగి, మెత్తగా, బూడిద రంగులో వచ్చింది. నా కుర్చీలో కూర్చోబెట్టి కొసలు కత్తిరించి అద్దం చూపించాను. మా అక్క అందగత్తె అని నాకు ఆ రోజే తెలిసింది. వెళ్లి ఆయనకి చూపించు అన్నాను. వెళ్లి, గుమ్మంలో నిలబడి, నా జుట్టు ఎలా ఉంది వెండెల్ అని అడిగిందట. ఆయన కిటికీ వైపు చూసి "వాన వచ్చేట్టుంది" అని, దిబ్బ మీద పట్టా కప్పడానికి వెళ్లిపోయాడు. ఆకాశంలో మబ్బు తునక లేదని అక్క చెప్పింది. చెప్పేటప్పుడు ఏడవలేదు. ఊరికే చెప్పింది.

అలా రెండేళ్లు. రెండో శీతాకాలంలో జబ్బు తిరగబెట్టింది. ఈసారి కాలేయం దాకా పోయింది. ఆ కబురు తెలిసిన పూటే వెండెల్ కుర్చీ తెచ్చి అక్క మంచం పక్కన వేసుకున్నాడు. నొప్పిగా ఉందా, నీళ్లు తాగుతావా, మళ్లీ మొదలు. సూపు చెంచాతో పట్టాడు. ఆయన ఆ చెంచా కడగడానికి వంటింట్లోకి వెళ్లినప్పుడు అక్క నన్ను దగ్గరికి రమ్మంది.

"చూశావా ఫెర్నీ, మళ్లీ వచ్చాడు. నాకు జబ్బు చేస్తేనే నేను ఆయన కంటికి ఆనతాను."

"అలా అనకే."

"బాగున్నన్నాళ్లలో ఒక్కసారి, నువ్వు బాగున్నావు, నాకు సంతోషంగా ఉంది అంటే చాలేది. అంతకంటే ఏం అడిగాను?"

ఆయన చెంచా తుడుచుకుంటూ వచ్చాడు. అక్క కళ్లు మూసుకుంది. ఫిబ్రవరిలో పోయింది.

సమాధి చేసి వచ్చి, చర్చి కింది హాల్లో హామ్ శాండ్‌విచ్‌లు తిని అందరూ వెళ్లాక, నేను వాళ్లింట్లో మిగిలిన గిన్నెలు సర్దుతున్నాను. వెండెల్ నల్ల కోటులోనే బల్ల ఆ చివర, తన చోట్లో కూర్చున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. అక్క అన్నది అన్నట్టు అప్పజెప్పాను. ఒక్క ముక్క దాచలేదు. నీకు నోరు లేదా బావా, రెండేళ్లు ఆ మనిషి నీ మొహంలోకి చూసుకుంటూ బతికింది అన్నాను.

ఆయన బల్ల మీది ఉప్పు డబ్బా దగ్గరికి లాక్కున్నాడు.

"మధ్యలో ఎత్తకూడదు, ఫెర్న్," అన్నాడు. "అంత బాగా జరుగుతుంటే ఎలా ఎత్తుతాను? దగ్గర కూర్చోవడానికి కూడా భయమేసింది. నేను ఏమన్నా అంటే చెడిపోతుందని."

"అది ఆట బావా."

"నాకు తెలిసింది అదే."

నా చేతిలో గిన్నె ఉంది. విసిరి కొట్టాలనుకున్నాను. కొట్టలేదు. కోపం రావాల్సిన చోట ఏమీ రాలేదు, ఏడుపూ రాలేదు. గిన్నె తుడిచి అల్మారాలో పెట్టాను. చెప్పకపోయినా అక్క అర్థం చేసుకుంటుందనుకున్నాడా ఆయన? ఇన్నేళ్లు కోచ్ పెళ్లాంగా బతికింది, ఆ నియమం ఆమెకీ తెలుసు. కాకపోతే తను కూడా ఒక ఆటేనని ఆమెకి తోచలేదు.

మరుసటి వారమే ఆయన మైదానంలో ఉన్నాడు. కాలేజీ వాళ్లు ఈ ఏడు సెలవు తీసుకోమన్నారు. అక్కర్లేదన్నాడు. ఆ వసంతమంతా నేను శనివారాలు పార్లర్ మూసి, అక్క కూర్చునే చోట, బెంచీ వెనక కంచె పక్కన కూర్చున్నాను. ఎందుకు వెళ్లానో నాకే తెలియదు, ఇంట్లో ఉన్నా అంతే. టీము గెలుస్తూ పోయింది. మూడో బేస్ దగ్గర నిలబడి ఆయన టోపీ, ముక్కు, బెల్టు తాకుతూ సైగలు చేస్తుంటే, అవే చేతులు, అదే వరస. లోపల మనిషి ఉన్నట్టు లేదు. గెలిచాక కుర్రాళ్లు చేతులు కలిపితే కలిపాడు. రేపు నాలుగింటికి అన్నాడు.

మేలో, చుట్టుపక్కల కాలేజీల మధ్య జరిగే కాన్ఫరెన్స్ కప్పు ఆట. లైల్ ఓక్స్‌నర్ అని, పశువుల కొట్టాల్లో పెరిగిన పొడుగు కుర్రాడు పిచ్చర్. మొత్తం తొమ్మిది ఇన్నింగ్స్‌లో అయిదోది అయ్యేసరికి నాకే తెలిసిపోయింది. బెంచీ మీద కుర్రాళ్లంతా ఒక చివరికి జరిగారు. లైల్ ఇంకో చివర ఒక్కడే, తల మీద తువ్వాలు కప్పుకుని కూర్చున్నాడు. పొద్దుతిరుగుడు గింజల తొక్కలు ఉమ్మే చప్పుడు తప్ప ఇంకేం లేదు.

ఏడో ఇన్నింగ్స్ తర్వాత వెండెల్ లేచాడు. బెంచీ పొడుగునా నడిచి, లైల్ పక్కన, భుజం తగిలేంత దగ్గరగా కూర్చున్నాడు. తొక్కలు ఉమ్మడం ఆగిపోయింది. నేను కంచె ఇవతలే ఉన్నాను కనక ప్రతి మాటా వినపడింది.

"ఇంతవరకు నువ్వు ఒక్క హిట్టు కూడా ఇవ్వలేదు, బాబూ."

లైల్ తువ్వాలు తీసి ఆయన మొహంలోకి చూశాడు. భయపడ్డాడు పాపం.

"చాలా బాగా ఆడుతున్నావు. నేను చూస్తూనే ఉన్నాను. నాకు సంతోషంగా ఉంది."

"సరే కోచ్," అన్నాడు లైల్.

ఆయన అక్కణ్ణుంచి లేవలేదు. కుర్రాళ్లు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. కోచ్‌కి మతి పోయిందనుకున్నారు. నా పక్కన కూర్చున్న పాస్టరు గారి భార్య కూడా అదే గొణిగింది. నాకొక్కదానికే తెలుసు ఆయన ఏం చూడాలనుకుంటున్నాడో. ఆ క్షణంలో నేను హిట్టు పడాలని కోరుకున్నాను. మా ఊరి కప్పు పోతే పోనీ. వచ్చే బంతికే పడాలి. పడితే ఆయన నోరు మూసుకున్నది ఊరికే పోలేదని తేలుతుంది. రెండేళ్లు అక్కని కాపాడాననైనా అనుకుంటాడు.

పడలేదు. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో ముగ్గురూ అవుట్. తొమ్మిదిలో చివరివాడు బంతిని గాల్లోకి ఎత్తి కొట్టాడు. అది పైకి పోయి, ఎండలో ఆగినట్టుండి, మధ్య మైదానంలో కుర్రాడి గ్లవ్‌లోకి మెత్తగా దిగింది. ఒక్క హిట్టు లేకుండా ఆట ముగిసింది. ఊరు ఊరంతా లేచి నిలబడింది. కుర్రాళ్లంతా దిబ్బ మీద లైల్ పైన కుప్పగా పడ్డారు. వాళ్లలో ఇద్దరు వెనక్కి పరిగెత్తుకొచ్చి, ఐసు నీళ్ల బాల్చీ ఎత్తి వెండెల్ నెత్తిన గుమ్మరించారు. ఆయన కదల్లేదు. నీళ్లు టోపీ అంచునుంచి కారుతున్నాయి. వాళ్లు మళ్లీ కుప్పలోకి పరిగెత్తారు.

నేను కంచె దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. బావా అన్నాను. ఆయన తల తిప్పలేదు.

"నోరు తెరిచి చెప్పాను, ఫెర్న్. చెప్పినా ఏమీ కాలేదు."

అవును అన్నాను.

ఆయన టోపీ తీసి, నీళ్లు పిండి, మోకాలి మీద పెట్టుకున్నాడు.

"ఆర్డిస్‌కి ఆ జుట్టు తిరిగొచ్చినప్పుడు చాలా బాగుంది," అన్నాడు. "ఉంగరాలు ఉంగరాలుగా."

తర్వాత లేచి, గోడకి ఆనించి ఉన్న పార తీసుకుని, కుర్రాళ్లు తొక్కి పాడుచేసిన దిబ్బ సరిచేయడానికి వెళ్లాడు.