కుందేళ్ల మూట

మా అపార్ట్‌మెంట్ సంఘం వాళ్లు ఈమధ్య ఇంటింటికీ మూడు రంగుల చెత్తబుట్టలు పంచారు. తడి చెత్తకు ఒకటి, పొడి చెత్తకు ఒకటి, ఈ రెండూ కాని దానికి ఇంకొకటి. కొబ్బరి చిప్ప ఏ జాతికి చెందుతుందో, చిరిగిన చెప్పుకు ఏ రంగు రాసిపెట్టి ఉందో నాకింకా అంతు పట్టలేదు. మొన్న కోడి ఎముకలను నీలం బుట్టలో వేశానని చెత్త ఆటో నడిపే ఆమె నన్నూ బుట్టనూ మార్చి మార్చి చూసి, "సదువుకున్నోళ్లు గద సార్" అంది. చదువుకున్న మాట నిజమే. పారెయ్యడం మాత్రం మా డిగ్రీలో పెట్టలేదు. ఆ సబ్జెక్టులో నేను 1969లోనే తప్పాను.

ఆ ఏడు ప్రత్యేక తెలంగాణ ఉద్యమంతో మా కాలేజీ మూతపడింది. విద్యార్థుల భవిష్యత్తుకు తీరని నష్టమని పెద్దలు బాధపడ్డారు. నా వరకు నష్టం అంత పెద్దదేమీ కాదు. మేం ఉండే అప్పటి దిల్‌సుఖ్‌నగర్ అంటే ద్రాక్షతోటల మధ్య అక్కడొకటీ ఇక్కడొకటీ విసిరేసినట్టున్న ఇళ్లు. ఇప్పుడు ఎల్బీ నగర్ అంటున్నచోట తుప్పలు, బండరాళ్లు, సీతాఫలం పొదలు, వాటి మధ్య తమ మానాన తాము బతికే కుందేళ్లు. మెట్రో దిగి అటు నడుస్తుంటే ఈ మాట నేను చెప్పినా ఎవరూ నమ్మరు. నమ్మించే విద్య కూడా నాకు లేదని ఈ కథ చివర్లో మీకే తెలుస్తుంది.

మా పక్కింట్లో కోస్తా నుంచి వచ్చిన మాస్టారు, ఆయన భార్య ఉండేవారు. రెండిళ్లకూ మధ్య నడుమెత్తు గోడ, ఉమ్మడిగా ఒక బావి. మేం ఊరి నుంచి వచ్చిన క్రైస్తవులం. వాళ్లు గుడ్డు పేరు కూడా ఎత్తని శాకాహారులు. అయినా మా అమ్మకు ఈ పట్నంలో ఉన్న ఒకే ఒక్క స్నేహం ఆమె. ఆమె గోంగూర పచ్చడి గోడ మీదుగా ఇటొచ్చేది, మా అమ్మ పచ్చిపులుసు అటు వెళ్లేది. ఉద్యమం ముదిరాక, ఆంధ్రావాళ్లన్న కోపంతో ఎవరో వాళ్ల పెంకుల మీద రాయి వేశారు. పోదామని మాస్టారు సామాను కట్టడం మొదలుపెడితే మా అమ్మ వెళ్లి, "మేమున్నం గద అక్కా" అని కట్టిన పెట్టెలు విప్పించింది. ఆ మాట మీదే వాళ్లు ఆగారు. మా అమ్మ కూడా అదేదో తనకిచ్చిన ఉద్యోగంలాగా, రోజూ పొద్దున వాళ్ల తలుపు తెరుచుకునేదాకా మా వాకిట్లో నిలబడేది.

చంపాపేట్‌లో ఉండే మా మేనమామ ఒక సర్కారు ఆఫీసులో జవాను. ఉద్యమంతో ఉద్యోగుల సమ్మె కనుక ఆయనా ఖాళీయే. ఇద్దరు ఖాళీ మనుషులు, ఒక వేటకుక్క, ఒక వల కలిస్తే జరిగేదే జరిగింది. ఒక తెల్లవారుజామున తుప్పల్లో రెండు కుందేళ్లు పడ్డాయి. వేటకు ఒక పద్ధతుంది. పడ్డచోటే కోసి, పేగులూ గుండెకాయా అక్కడే కుక్కకు పెట్టాలి. అది దాని వాటా. తోలూ తలా అక్కడే పాతిపెట్టి మాంసం మాత్రం ఇంటికి తేవాలి. మామ కత్తి తీశాడో లేదో బెజవాడ రోడ్డు మీద పోలీసు వ్యాను ఆగింది. కర్రలూ వలతో పొదల్లో వంగి ఉన్న ఇద్దరు మగవాళ్లు ఆ రోజుల్లో దూరం నుంచి వేటగాళ్లలాగా కనిపించరు. కుందేళ్లను అట్లాగే గోనెసంచిలో వేసుకుని దగ్గరున్న మా ఇంటికి వచ్చిపడ్డాం.

కూర అద్భుతంగా కుదిరింది. ఆ సంగతి ఒప్పుకోవాలి. మిగిలిన తలలూ తోళ్లూ పేగులతోనే చిక్కంతా. కుక్కకు దాని వాటా పెరట్లో పెడదామంటే, నీళ్లు తోడుకోవడానికి వచ్చే పక్కింటి అక్క కంట పడుతుందని అమ్మ ఒప్పుకోలేదు. గోనెగుడ్డలో మూటగట్టి పాతేద్దామని గడ్డపార దించితే జానెడు లోతుకే బండ తగిలింది. ఆ ఠంగుమన్న చప్పుడుకు గోడ మీద మాస్టారి తల లేచింది. ఏం తవ్వుతున్నారని అడిగారు. మామ తడుముకోకుండా, "నిమ్మచెట్టు పెడ్తున్నం సార్" అన్నాడు. మాస్టారు ఎంత మంచివారంటే, నిమ్మకు గుంత ఎంత వెడల్పుండాలో, ఎండ ఏ వైపు నుంచి పడాలో చెబుతూ అక్కడే నిలబడిపోయారు. ఆయన ముందు కుందేళ్లను నాటలేక గడ్డపార లోపల పెట్టేశాం.

తర్వాత నేను మూటను సైకిల్‌కు తగిలించుకుని మూసీలో పడేద్దామని బయల్దేరాను. మలక్‌పేట దగ్గర పోలీసులు ఆపారు. సంచిలో రాళ్లున్నాయేమోనని లాఠీతో పొడిచారు. రాళ్లు అంత మెత్తగా ఉండవు కాబట్టి ఒకాయన విప్పి చూశాడు. చూసి ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. చివరకు ఉర్దూలో వెనక్కి పొమ్మన్నాడు. దీన్ని ఇక్కడే వదిలేసి పోవచ్చా అని మర్యాదగా అడిగాను. ఆ ప్రశ్న అడగకుండా ఉండాల్సింది.

పొద్దు గూకేవేళ మామా నేనూ వెళ్లి వెనకాల ఖాళీ జాగాలో ఒక గుంత చూసి మూటను అందులో వేసి పైన రాయి పెట్టాం. ఇంకో రాయి పెడదామా అన్నాను. చాల్లే అన్నాడు మామ. కర్ఫ్యూ కాబట్టి ఆ రాత్రి ఆయనా ఆయన కుక్కా మా ఇంట్లోనే పడుకున్నారు. వాటా దక్కని కుక్కను ఎవరం లెక్కలోకి తీసుకోలేదు. దానికి ఇంకో సంగతి కూడా ఉంది. మామ మా ఇంటికి వచ్చినప్పుడల్లా అది గోడ దూకి పక్కింటి గడప ముందు కూర్చునేది. ఆమె దానికి పెరుగన్నం పెట్టేది. ఎవరి చేతి అన్నం తింటే వాళ్ల ముందు వేట తెచ్చి పెట్టడం వేటకుక్క మర్యాద.

పొద్దున్నే ముగ్గు వెయ్యడానికి తలుపు తీసిన ఆమెకు, గడప మీద రెండు తెగిన తలలు, నెత్తుటి తోళ్లు కనిపించాయి. కేక వినిపించలేదు. ముగ్గుడబ్బా కిందపడిన చప్పుడు మాత్రం వినిపించింది.

మేం వెళ్లేసరికి మాస్టారు గడప లోపలే నిలబడి ఉన్నారు. అమ్మ అంతా చెప్పింది. కుందేళ్లని, మేమే వండుకున్నామని, కుక్క తెచ్చిందని బైబిల్ మీద చెయ్యి వేసి చెప్పింది. మాస్టారు ఓపిగ్గా విన్నారు. "నిన్న నిమ్మచెట్టన్నారు కదండీ" అన్నారు మామతో. అందులో కోపం లేదు. నేను లోపలికి పరిగెత్తి సాక్ష్యంగా రాత్రి మిగిలిన కూర గిన్నె తెచ్చి మూత తీశాను. పొద్దున్నే శాకాహారుల ముఖం మీద కుందేలు కూర మూత తీయడం వాదనకు ఏమంత బలం చేకూర్చలేదు. ఆఖరికి కుక్కను లేపుకొచ్చాం. అది ఆ మూటను జన్మలో చూడనట్టు పక్కకు తిరిగి ఆవలించింది.

"మీరు మంచివాళ్లు. ఎవరో బెదిరించి పోతే, మేం భయపడకూడదని ఏదో ఒకటి చెబుతున్నారు. ఆ మాత్రం మాకు తెలుసు బాబూ" అన్నారు మాస్టారు. అబద్ధమాడితే నిలదీయవచ్చు. నిజం చెబితే దాన్ని మన మంచితనం కింద జమకట్టిన మనిషిని ఏం చెయ్యాలి? ఆ రోజు మా దగ్గరున్నదంతా నిజమే. కానీ అది ఎంత విప్పి చూపిస్తే అంత కట్టుకథలాగా కనిపించింది.

మధ్యాహ్నానికి వాళ్ల బంధువుల జీపు వచ్చింది. అమ్మ విప్పించిన పెట్టెలను నేనూ మామా మళ్లీ కట్టి జీపులోకి ఎక్కించాం. అంతకన్నా చేయగలిగింది ఏమీ కనిపించలేదు. ఇప్పుడు ఆ రెండిళ్ల చోట నాలుగంతస్తుల కోచింగ్ సెంటర్ ఉంది. జానెడు లోతున తగిలిన ఆ బండను ఎప్పుడు పేల్చారో, ఎంతలోతుకు తవ్వారో తెలియదు. కాలానికి అదంతా ఒక పూట పని.

జీపు కదలబోతుంటే అమ్మ ఆమె చెయ్యి పట్టుకుని నడుస్తూ, "అక్కా, కుందేళ్లే. నా మాట నమ్ము, ఒట్టి కుందేళ్లే" అంటూనే ఉంది. ఆమె చెయ్యి విడిపించుకోలేదు.

"కుందేళ్లే అయ్యుంటాయి వదినగారూ. రేప్పొద్దున ఆ తలుపు తియ్యాలంటే మాత్రం నాకు భయం."