ఊపిరుండగానే

అంబులెన్స్‌కి ఫోన్ చేసేవాళ్ళు మామూలుగా అరుస్తారు, లేదా ఏడుస్తారు. ఆ రోజు చేసినాయన రెండూ చేయలేదు. ఎంతో మర్యాదగా, "కంగారేం లేదమ్మా, కానీ కాస్త త్వరగా రండి" అన్నాడు. కంగారు లేనప్పుడు త్వర ఎందుకో నాకు అర్థం కాలేదు. ఫోన్ పెట్టేసి అదే మాట మా పైలట్ అన్నతో అన్నాను. మా కొలువులో బండి నడిపేవాళ్ళని డ్రైవర్ అనరు, పైలట్ అంటారు. ఆ పేరు పెట్టినవాడు పంజాగుట్ట చౌరస్తాలో ఒక్కనాడైనా ఇరుక్కుని ఉండడని మా అన్న ఎప్పుడూ అంటుంటాడు.

నేను బండి వెనక భాగంలో ఉండే మనిషిని. డాక్టర్ని కాను, నర్సుని కాను. ఆక్సిజన్ పెడతాను, సెలైన్ ఎక్కిస్తాను, గుండె ఆగితే ఛాతీ మీద చేతులేసి నొక్కుతాను. అంతకు మించి ఏం చేయాలన్నా ఫోన్లో డాక్టర్ని అడగాలి. జనం వాళ్ళ వాళ్ళ భయాన్ని బట్టి నన్ను మేడం అంటారు, సిస్టర్ అంటారు, అక్కా అంటారు. నాకు కోపం ఎక్కువని ఇంట్లోనూ అంటారు, బండిలోనూ అంటారు. అబద్ధమేం కాదు.

అమీర్‌పేటలో హాస్టళ్ళ గల్లీ అది. మిట్టమధ్యాహ్నం. కంప్యూటర్ క్లాసులు వదిలినట్టున్నారు, బ్యాగులు తగిలించుకున్న పిల్లలు దారంతా నిండి ఉన్నారు. బండి గల్లీ మొదట్లోనే ఆపి స్ట్రెచర్ లాక్కుంటూ నడిచాం. రెండంతస్తుల ఇల్లు, గేటు దగ్గర తెల్ల లుంగీ కట్టుకున్న పెద్దమనిషి నిలబడి ఉన్నాడు. ఫోన్ చేసింది ఆయనే. ఇంటి ఓనరు. పేషెంట్ ఆయన కాదు, ఆయన బంధువూ కాదు. కింది వాటాలో కిరాయికి ఉంటున్నాయన.

లోపల ఒకటే గది, పక్కన సందులాంటి వంటిల్లు. ఇనుప మంచం మీద ఆ కిరాయిదారు పడుకుని ఉన్నాడు. ఒకప్పుడు సిటీ బస్సు నడిపినవాడు. కేన్సర్ ఊపిరితిత్తులకి పాకిందని, ఇక చేసేదేం లేదు, ఇంటికి తీసుకుపొమ్మని ఆసుపత్రివాళ్ళు చెప్పారని ఆయన భార్య అంది. చెప్పడమే గానీ కాగితం మీద రాసివ్వలేదు. మా దగ్గర ఎప్పుడూ అంతే. చేతులెత్తేసినప్పుడు ఎవరూ రాసివ్వరు.

వేలికి మిషన్ పెట్టి చూశాను. ఆక్సిజన్ బాగా పడిపోయి ఉంది. ఊపిరి తీసినప్పుడల్లా మెడ నరాలు పైకి తేలుతున్నాయి. మాస్కు పెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"వద్దు బిడ్డా. నేనేడికి రాను. గీడనే ఉంట."

"బాపూ, మీరెవరు, ఏడున్నరు, చెప్పుండ్రి" అన్నాను. తెలివి ఉందో లేదో చూడాలి కదా.

"బస్సు డ్రైవర్ని. నా మంచం మీదున్న" అన్నాడు. నవ్వబోయాడు, దగ్గు వచ్చింది.

డాక్టర్‌కి ఫోన్ చేశాను. "స్పృహలో ఉన్నాడు, అన్నీ తెలుస్తున్నాయి, రానంటున్నాడు" అని చెప్పాను. "అయితే బలవంతం చేయకమ్మా. రానన్నాడని సంతకం తీసుకుని వచ్చేయ్" అన్నారు డాక్టర్. నాకు ప్రాణం తేలికపడింది. ఇన్నేళ్ళలో ఇంత సాఫీగా తేలిన కేసు తక్కువ. ట్రైనింగులో మాకు బోర్డు మీద నాలుగు గళ్ళు గీసి చూపించారు. రోగి ఇష్టం, రోగి మేలు, హాని చేయకపోవడం, అందరికీ సమన్యాయం. మొదటి గడిలోనే పని అయిపోయిందనుకున్నాను.

ఆయన భార్య నా చెయ్యి పట్టుకుని వంటింట్లోకి లాక్కెళ్ళింది.

"ఆయన మాట పట్టుకోకు బిడ్డా, తీస్కపో" అంది గుసగుసగా.

"ఆయన వద్దంటున్నడు గదమ్మా."

"ఆయనకేం, పోతడు. నేనేడికి పోవాలె?"

ఆమె చెప్పుకుపోయింది. ఆ వారమంతా ధనిష్ఠా పంచకమట. ఆ నక్షత్రాల్లో ఇంట్లో ప్రాణం పోతే ఇల్లు నెలల తరబడి మూసిపెట్టాలి, ఎవరూ ఉండకూడదు. పైన ఓనరు కోడలికి నెలలు నిండాయి, ఇవాళో రేపో కాన్పు. ఇల్లు మూస్తే వాళ్ళెక్కడికి పోతారు? పొద్దున ఓనరు దిగివచ్చి, ఆయన్ని ఆసుపత్రికి చేర్చమని చేతులు పట్టుకుని బతిమాలాడట.

"సారు మంచోడే బిడ్డా. ఇన్నేండ్లల్ల ఒక్క మాట అన్లేదు. గానీ ఈన ఈడ పోతే ఆల్లు ఇల్లిడిషి పోవాలె, నేను సుత పోవాలె. ఒక్క ముసల్దానికి గీ అమీర్‌పేటల కిరాయికి ఎవలిస్తరు? జర నువ్వే జెప్పు. ఆక్సిజన్ పెట్టిచ్చి మల్ల తోల్కస్త అని జెప్పు. నీ మాట ఇంటడు."

"అబద్ధం చెప్పమంటున్నవా అమ్మా నన్ను?" అన్నాను. గొంతు నేననుకున్న దానికన్నా గట్టిగానే వచ్చింది. ఆమె తలుపు వైపు భయంగా చూసింది. ఆయన వింటాడేమోనని.

నా కోపం ఆమె మీద కాదు. సరాసరి గేటు దగ్గరికి పోయాను. "సారూ, మీరు మమ్మల్ని పిలిచింది మనిషి కోసమా, ఇంటి కోసమా?" అని అడిగేశాను. పక్కనున్న మా పైలట్ అన్న నా భుజం మీద చెయ్యేశాడు, తగ్గమన్నట్టు.

ఓనరు దబాయిస్తాడనుకున్నాను. దబాయిస్తే నాకు సుఖంగా ఉండేది. ఆయన తల దించుకున్నాడు. "రెండింటి కోసమూ అనుకోండమ్మా. నేనేం రాక్షసుణ్ణి కాదు. ఆయనా నేనూ రోజూ ఈ అరుగు మీదే కూర్చుని పేపర్ చదువుకునేవాళ్ళం. నా ఒక్కడి సంగతైతే పంచాంగం అవతల పారేద్దును. పురిటికి ఉన్న పిల్లని పెట్టుకుని, ఏమన్నా అయితే జీవితాంతం నన్ను నేను క్షమించుకోగలనా చెప్పండి?" అన్నాడు. మేడ మీద రెయిలింగ్ పట్టుకుని నిండు కడుపుతో ఆ అమ్మాయి మమ్మల్నే చూస్తోంది.

ఇప్పుడేం గీయాలి? ఆ నాలుగు గళ్ళలో ఓనరుకి చోటు లేదు, పుట్టబోయే బిడ్డకి లేదు, ఒంటరి ముసలామెకి దొరకని కిరాయి ఇంటికి లేదు. పంచాంగానికి అసలే లేదు. సంతకం తీసుకుని వెళ్ళిపోతే నియమం ప్రకారం నాది ఒప్పే. ఆమె నెత్తి మీద కప్పు మాత్రం ఉండదు. తీసుకుపోతే ఆయన నోరు విడిచి అడిగిన ఒక్కటీ లేకుండా పోతుంది. నాకు ఏడుపొచ్చింది, నిజంగానే. మా అన్న, "నీ తప్పేముందక్కా, ఫికర్ చెయ్యకు, సంతకం తీస్కో, పోదాం" అన్నాడు. నేను లోపలికి పోయాను.

మంచం పక్కన కూర్చున్నాను. నిజం చెప్పేద్దామా అని ఒక మనసు, చెప్పి ఆ మనిషి చివరి ఘడియల్లో ఆ బరువు కూడా పెట్టడం ఎందుకని ఇంకో మనసు. నేను నోరు తెరిచేలోపే ఆయన కళ్ళు తెరిచాడు.

"సారు పంచాంగం జూసిండు గదా" అన్నాడు.

నేను ఉలిక్కిపడ్డాను.

"పొద్దుగాల్నే మెట్ల మీద మాట్లాడుకుండ్రు. అంతా ఇన్న. పానం బాగలేదు గానీ చెవులు మంచిగనే ఉన్నయి." కాసేపు ఊపిరి కోసం ఆగాడు. "ఆమె సుత ఇందాక నీతోని అదే అన్నది గదా?"

అబద్ధం చెప్పలేను, అవుననలేను. చేతిలోని మాస్కు పట్టీ సవరించాను. అదే జవాబైపోయింది.

"పోదాం పా" అన్నాడు.

"మీకు ఇష్టమేనా బాపూ? రానంటే నేను తీస్కపోను. ఎవలేమన్నా సరే."

"ఇష్టమేంది బిడ్డా? పోదామన్న గదా." తర్వాత నా చెయ్యి మీద వేళ్ళతో తట్టాడు. "ఆమెకు జెప్పకు, నాకు తెల్సని. మనసుల పెట్టుకుంటది."

డాక్టర్‌కి మళ్ళీ ఫోన్ చేసి, పేషెంట్ ఒప్పుకున్నాడని చెప్పాను. "గుడ్, తీసుకురా" అన్నారు. ఫోన్లో ఆ సంగతి అంతే ఉంటుంది. ఒప్పుకున్నాడు.

స్ట్రెచర్ మీదికి ఎక్కిస్తుంటే ఆయనే భార్యని పిలిచాడు. "ఏమే, ఆక్సిజన్ పెట్టిచ్చుకోని జల్ది వద్దాం. బువ్వ మూతపెట్టు" అన్నాడు. ఆమె గంజి గిన్నె మీద మూతపెట్టింది. ఒకరికి తెలియదని ఇంకొకరు అనుకుంటూ, ఇద్దరూ నా ముందే ఆ మాట నమ్మినట్టు నటించారు. ఇద్దరి నిజాలూ నా దగ్గరే ఉన్నాయి. ఒక్కటీ బయటపెట్టే హక్కు నాకు లేదు. ఓనరు గేటు రెండు రెక్కలూ తెరిచి పక్కకి తప్పుకున్నాడు. కండువా నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

బండిలో మాస్కు పెట్టించుకున్నాడు, వద్దనలేదు. కళ్ళు మూసుకునే ఉన్నాడు గానీ ప్రతి మలుపూ ఆయనకి తెలుస్తోంది. మెట్రో స్టేషన్ దాటామని ఆయనే చెప్పాడు. ఇంకాసేపటికి బండి నెమ్మదించి ఆగిపోయింది. "పంజాగుట్ట. బ్రిడ్జి కిందికొచ్చినం. ఈడ సిగ్నల్ పెద్దగుంటది" అన్నాడు. మాస్కు లోపల్నుంచి ఆ మాట సరిగ్గా వినపడలేదు, ఆమె వంగి విని నాకు చెప్పింది.

సైరన్ మోగుతూనే ఉంది. జనం దారి ఇవ్వలేదని అనను. ముందున్న ఆటో పక్కకి జరగాలని చూసింది, దాని పక్కన బస్సు ఉంది. బస్సు ముందు ఇంకో బస్సు. అందరూ ఇద్దామనే చూస్తున్నారు, ఎవరి దగ్గరా దారి లేదు. కిటికీలోంచి చూస్తే పెద్ద పెద్ద ఆసుపత్రుల బోర్డులు కనిపిస్తున్నాయి. అక్కడే ఆయన ఊపిరి ఆగింది.

ఛాతీ నొక్కాలా వద్దా అని ఫోన్లో డాక్టర్ని అడిగాను. "చివరి స్టేజీ సార్, చేసేదేం లేదని ఆసుపత్రివాళ్ళే ఇంటికి పంపేశారు."

"కాగితం ఉందా?"

"లేదు సార్."

"అయితే మొదలుపెట్టమ్మా. వేరే దారి లేదు."

మనిషి చనిపోయాడని చెప్పే అధికారం నాకు లేదు. డాక్టర్ చూసి చెప్పేదాకా ఆయన బతికున్నట్టే లెక్క, నేను నొక్కుతూనే ఉండాలి. నొక్కాను. ఎముకల మీద చర్మం తప్ప ఏమీ లేని ఛాతీ అది. చేతుల కింద ఏదో పుటుక్కుమంది. ఆ చప్పుడు ఆమెకీ వినిపించింది.

"ఆపు బిడ్డా, నొస్తది ఆయనకు" అంది.

నేను ఆపలేదు.

"నీ కాళ్ళు మొక్కుత, ఆపు. ఇంట్లకెల్లి తెచ్చుడే పాపమాయె. ఇంకా గిదెందుకు?"

ఆమె నా మోచెయ్యి పట్టుకుని లాగుతోంది, నేను విదిలించుకుంటున్నాను. నా చెమట ఆయన మీద పడుతోంది. నియమాలు రాసినవాళ్ళ మీద, కాగితం ఇవ్వని ఆసుపత్రి మీద, ఆ సిగ్నల్ మీద, నా మీద నాకే అసహ్యం పుట్టింది. అన్న అద్దంలోంచి ఒకసారి నావైపు చూసి, వెంటనే చూపు తిప్పేసుకున్నాడు. బండి కదిలింది.

ప్రభుత్వాసుపత్రిలో డాక్టర్ టార్చి వేసి కళ్ళు చూశాడు, స్టెతస్కోప్ పెట్టాడు, పోయారని చెప్పాడు. ఆమె అప్పుడు ఏడవలేదు. గోడ పక్కన కూలబడి, కొంగులోంచి చిన్న ఫోన్ తీసి, ఒక నంబర్ నొక్కి నా చేతిలో పెట్టింది.

"సారు. ఇంట్ల పోలేదని నువ్వు జెప్పు బిడ్డా. నేను జెప్తే నమ్ముతడో లేదో."

చెవి దగ్గర పెట్టుకున్నాను. "ఇంట్లో పోలేదు సార్. ఊపిరుండగానే తెచ్చినం. పంజాగుట్ట దాకా మాట్లాడిండు" అన్నాను. అందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు.

అవతల ఓనరు ఏడుస్తున్నాడని అర్థమైంది. "మంచి మనిషమ్మా. మీరు చాలా మేలు చేశారు, మీ రుణం తీర్చుకోలేం. ఆవిణ్ణి ఏ దిగులూ పెట్టుకోవద్దనండి, ఎన్నాళ్ళయినా ఇక్కడే ఉండమనండి" అన్నాడు. ఆ తర్వాత గొంతు తగ్గించి, "ఆయన్ని మాత్రం అటునుంచి అటే శ్మశానానికి..." అని ఆగిపోయాడు. పూర్తి చేయలేదు. నేనూ పూర్తి చేయమనలేదు.

ఫోన్ తిరిగి ఇచ్చాను.

"ఏమన్నడు బిడ్డా?"

"ఇంటికి రమ్మన్నడమ్మా. ఎన్ని రోజులైనా ఉండమన్నడు."

ఆమె రెండు చేతులూ జోడించి నా వైపు చూసింది. ముఖంలో కాస్త నెమ్మది కనిపించింది. లేచి, స్ట్రెచర్ దగ్గరికి వెళ్ళి, ఆయన చొక్కా గుండీలు పెట్టడం మొదలుపెట్టింది. నేను నొక్కడానికి విప్పినవి. అన్నీ పెట్టాక తలెత్తి అడిగింది.

"మరి, ఎప్పుడు తీస్కపోతరు ఆయనను ఇంటికి?"