గంపలో కలవని గింజలు

ఖమ్మంలో ఒక జూనియర్ కాలేజీలో నేను పౌరశాస్త్రం చెప్తాను. ప్రతి ఏటా ఒక పాఠం దగ్గర నాకు ఒళ్ళు మండుతుంది. జిల్లాలో ఏయే జనం ఎంతెంత ఉన్నారో చూపించడానికి బోర్డు మీద గుండ్రని బొమ్మ గీయాలి. కోయలు ఇంత ముక్క, లంబాడాలు ఇంత ముక్క, కొండరెడ్లు సన్నని గీత, మిగిలిన కులాలూ మతాలూ తలా ఇంత. చివర్లో మిగిలిన పీలికకు ‘ఇతరులు’ అని పేరు. జిల్లా రెండు ముక్కలయ్యాక అడవి చాలావరకు కొత్తగూడెం వైపు పోయింది కాబట్టి బొమ్మ మళ్ళీ గీసుకున్నాం, అంతే తేడా. ఈ వేసవి సెలవుల ముందు స్టాఫ్‌రూంలో ఒకాయన “అడవిని పాడుచేస్తున్నది ఆ ఇతరులేనండీ, ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిపడ్డారు” అన్నాడు. ఆయన కొత్తగూడెం దాటింది భద్రాచలం కల్యాణానికి మాత్రమే. పోనీ నేను వెళ్ళానా అంటే నేనూ అంతే. ఎవరో తెలియని మనుషుల గురించి ఇన్నేళ్ళు పాఠం చెప్పానన్న కోపంతో ప్రయాణం కట్టాను.

ఖమ్మంలో పొద్దున ఆరు దాటాక మణుగూరు బస్సు దొరికింది. నేరుగా వెళ్ళే బస్సు దొరక్కపోతే కొత్తగూడెంలో మారాలి. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్ళకు టికెట్టు ఉచితం, మగవాళ్ళకు రెండు వందల పైన అవుతుంది. మూడున్నర గంటలు పట్టింది. కొత్తగూడెంలో బస్సు కాసేపు ఆగింది, ఇడ్లీ తిని టీ తాగాను. బూర్గంపాడు దగ్గర భద్రాచలం వెళ్ళేవాళ్ళు సంచులతో సహా దిగిపోయారు, బస్సు సగానికి ఖాళీ అయింది. దేవుడి దగ్గరికి పోయేవాళ్ళు అక్కడ దిగుతారు. అడవి మనుషుల దగ్గరికి పోయేవాళ్ళు ఎప్పుడూ తక్కువే.

మణుగూరులో ఆటో మాట్లాడుకున్నాను. పినపాక దాటి లోపలి ఊరిదాకా తీసుకెళ్ళి, సాయంత్రం దాకా ఉండి, మళ్ళీ తీసుకురావడానికి వెయ్యి అడిగి ఎనిమిది వందలకు ఒప్పుకున్నాడు. పేరు భద్రు, లంబాడా మనిషి, నలభై ఏళ్ళుంటాయి. పినపాక దాటాక రోడ్డుకు అడ్డంగా తాడు పట్టుకుని ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. ఆటో ఆగగానే చుట్టూ చేరి పాట అందుకున్నారు. నేను కంగారుపడితే భద్రు నవ్వాడు.

“భయపడకు మేడమ్. కోయోళ్ళ భూమి పండుగ. మొగోళ్ళు వేటకు పోతరు, ఆడోళ్ళు రోడ్డాపి ఈనాం అడుగుతరు. ఓ ఇరవై రూపాయలిస్తే ఇడుస్తరు.”

ఇచ్చాను. తాడు దించారు. ఆటో కదిలాక నా పాఠం గురించి చెప్పాను. ఈసారి అతను నవ్వలేదు.

“మేం బయటికెల్లి వచ్చినోళ్ళమని కోయోళ్ళంటరు. గుత్తికోయోళ్ళను చూసి మేమూ కోయోళ్ళూ ఒక్కటై, వాళ్ళే బయటోళ్ళంటం. బస్సు ఎక్కేదాంక జరగు జరగు అంటం మేడమ్, ఎక్కినంక జాగ లేదంటం.”

“గుత్తికోయలూ కోయలే కదా?”

“అవ్, కోయలే. ఛత్తీస్‌గఢ్ల గొడవలకు భయపడి పిల్లలను చంకనేసుకుని వచ్చిండ్రు. బార్డర్ అవుతలుంటే గిరిజనులు, ఇవుతలికొస్తే కాదంటరు. గదేందో నాకైతే సమజ్ కాదు.”

ఊరికి కొంచెం ఇవతల, చెట్ల మధ్య నాలుగైదు గుడిసెలు కనిపించాయి. భద్రుకు తెలిసిన ఇల్లు ఒకటుంటే అక్కడ ఆపాడు. ఆమె పేరు దేవె. అలా సరిహద్దు దాటి వచ్చిన గుత్తికోయ మనిషి. వచ్చినప్పుడు చంకలో ఉన్న కూతురికి ఇప్పుడు పెళ్ళి కూడా అయిందట. అడక్కముందే నాకు సొరకాయ బుర్రతో అంబలి పోసింది. చల్లగా, కొంచెం పుల్లగా ఉంది. రెండోసారి అడిగి పోయించుకున్నాను. ఆమె పక్కన మోదుగాకు దొప్పలో జొన్నలు, సామలు, కందులు ఉన్నాయి. మధ్యాహ్నం ఊళ్ళో విత్తనాల పూజ ఉందని చెప్పింది. ఇంటింటివాళ్ళూ దోసెడేసి గింజలు తెచ్చి ఒకే గంపలో పోస్తారు. కోడిని కోసి, నెత్తురు చల్లి, అన్నీ కలిపి మళ్ళీ ఇంటికింత పంచుతారు. ఆ గింజలు తమ విత్తనాల్లో కలుపుకున్నాకే ఎవరైనా చేలో చల్లేది.

“ఇన్నేళ్ళూ నా గింజలు కలపలే. ఈ ఏడు కలుపుతనన్నడు మా అన్న” అంది. నవ్వు దాచుకోవడం ఆమెకు చేతకాలేదు.

అన్న అంటే ఆ ఊరి పెద్ద ముత్తయ్య. కోయల్లో ఇద్దరు కొత్తవాళ్ళు కలిస్తే ముందు అడిగేది గట్టు ఏదని. గట్టు అంటే వంశం లాంటిది. ఒకే గట్టయితే అన్నాచెల్లెళ్ళు, వేరైతే వియ్యానికి పనికొస్తారు. దేవెదీ ముత్తయ్యదీ ఒకే గట్టని తేలిననాటి నుంచి ఆమెను చెల్లె అనే పిలుస్తున్నాడట. గంపలో గింజలు కలిస్తే ఊరు కూడా ఆమెను తమ మనిషి అన్నట్టే. ముగ్గురం కలిసి ఊళ్ళోకి నడిచాం. దారంతా ఆమె దొప్పను రెండు చేతులతో పట్టుకునే ఉంది.

ఊరి చివర చెట్టు కింద జనం గుమిగూడి ఉన్నారు. ముత్తయ్య అరవై దాటిన మనిషి, నడుముకు తువ్వాలు చుట్టుకుని గంప ముందు కూర్చున్నాడు. నాకు నులక మంచం వేయించి, నీళ్ళు తెప్పించి, ఎండలో వచ్చారని నొచ్చుకున్నాడు. నేనెవరో చెప్పనైనా లేదు. క్లాసులో అలవాటైన నోరు కదా, ఊరుకోలేదు.

“ఈ ఊళ్ళో ఎన్ని ఇళ్ళండీ? ఎవరెవరు ఉంటారు? బయటినుంచి వచ్చినవాళ్ళు ఎంతమంది?” అని అడిగాను. చేతిలో ఫోను కూడా ఉంది, ఫొటోలు తీద్దామని.

ఆయన ముఖంలో ఉన్న మర్యాద అలాగే ఉంది కానీ కళ్ళు మారిపోయాయి. “బయటోళ్ళు ఎవలు లేరు మేడమ్. అందరం మేమే” అన్నాడు.

గంపలో గింజలు పోయడం మొదలైంది. ఒక్కొక్క ఇల్లాలూ వచ్చి దోసెడు పోసి పక్కకు జరుగుతోంది. దేవె వంతు వచ్చింది. ఆమె దొప్ప వంచబోతుంటే ముత్తయ్య గంపను తన వైపు లాక్కున్నాడు.

“నువ్వెవరమ్మా? కూలికొచ్చినవా? పక్కకు జరుగు” అన్నాడు, నాకు వినపడేలా.

ఆమె ఆయన ముఖంలోకి చూసింది. తర్వాత నా వైపు చూసింది. పక్కకు జరిగి, వచ్చిన దారినే వెళ్ళిపోయింది. ఒక్కరు కూడా ఆగమనలేదు. ఏం జరిగిందో నాకు తట్టలేదు, పైగా ఇదేం మనిషి, పిలిచి అవమానిస్తాడా అని ముత్తయ్య మీద పళ్ళు కొరికాను. కోడిని కోశారు, గింజలు కలిపారు, పంచారు. అంతా అయ్యాక భద్రు నన్ను పక్కకు పిలిచాడు.

“మేడమ్, నువ్వు సర్వేకొచ్చిన ఆఫీసరమ్మవనుకున్నరు” అన్నాడు.

పరుగున ముత్తయ్య దగ్గరికి వెళ్ళి, నేను సర్కారు మనిషిని కానని, పాఠాలు చెప్పుకునేదాన్నని చెప్పాను.

“గీ మాట గంప పెట్టకముందు చెప్పాలె కదమ్మా. పోయినేడు గిట్లనే ఒకాయన వచ్చిండు, ఎంతమంది, ఎక్కడికెల్లి వచ్చిండ్రని అడిగి పోయిండు. నెల తిరగకముందే ఫారెస్టోళ్ళొచ్చి వలసోళ్ళ గుడిసెలు పీకిండ్రు, మళ్ళ ఏసుకున్నరు. వాళ్ళను పెట్టుకుంటే అడవిల మీరు దున్నుకునే పోడుకు పట్టాలు గూడ రావన్నరు.”

“ఇప్పుడు కలపొచ్చు కదా?”

“పంచినంక ఏం కలుపుతం? ఏడాదికొక్కసారే.” గంపను బోర్లించి, దాని మీద చెయ్యి పెట్టాడు. “నా చెల్లెను పట్టుకుని ఎవరని అడిగిన. నా నోరు పడిపోను.”

తిరిగొచ్చేటప్పుడు దేవె గుమ్మం ముందు కూర్చుని ఉంది. క్షమించమన్నాను. ఆమె దొప్పలో గింజలను వేలితో కెలుకుతూ, తల ఎత్తకుండానే అంది: “ఎంతమంది అని అడిగినవ్ కదా. లెక్క కుదిరిందా?”

చేతిలో ఉన్న ఫోను సంచిలో పెట్టేశాను.

“నా గింజలు నేను చల్లుకుంట, మొలుస్తయి. కానీ వాన లేటయిందనుకో, కలపని గింజలు చల్లింది, దానివల్లనే అంటరు. పురుగొచ్చినా నేనే. మా అన్న గూడ ఆపలేడు” అంది. ఈసారి అంబలి పోయలేదు. నేను అడగలేదు కూడా.

చీకటిపడేసరికి మణుగూరు చేరి, దొరికిన బస్సులో ఖమ్మం వచ్చేశాను. దారి పొడుగునా నాకు నేనే సర్దిచెప్పుకున్నాను, తెలిసి చేయలేదని. ఆ మాట ఎవరికి పనికొస్తుంది? ఎవరెంతమందో అడిగేవాళ్ళకు అది అంకె, చెప్పేవాళ్ళకు గుండెదడ. మనం లెక్కపెట్టిన ప్రతిసారీ అక్కడ ఎవరో ఒకరు తన మనిషిని కాదనుకోవాల్సి వస్తోంది. తర్వాత ఆ ఇద్దరూ ఒకే అడవిలో, ఒకరికొకరు ఎదురుపడుతూ బతకాలి. పనిలేక పెట్టుకున్న పని అంటారే, నాది అదే. నా సరదా ప్రయాణానికి దేవె ఏడాది ఖర్చయిపోయింది.

ఆ వైపు వెళ్ళాలనుకునేవాళ్ళకు ఒక్క మాట. మే నెలాఖరు పండుగ రోజులు, వెళ్ళండి, రోడ్డు మీద తాడు దగ్గర ఇవ్వడానికి చిల్లర ఉంచుకోండి. ఊళ్ళో అడుగు పెట్టగానే ముందు మీరెవరో చెప్పండి. ఎవరెక్కడి నుంచి వచ్చారని మాత్రం అడగొద్దు. ఆటో కావాలంటే మణుగూరు బస్టాండు బయట భద్రు ఉంటాడు. నిన్ననే ఫోన్ చేశాను. జూన్ సగానికొచ్చింది, ఇంకా చినుకు పడలేదన్నాడు. దేవె ఎలా ఉందని అడిగాను.

“ఊళ్ళె అప్పుడే ఆమె పేరు తీస్తున్నరు మేడమ్” అన్నాడు.